చీనా దేశపు నటశేఖరుడు మే లాన్‌ఫాంగ్

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున, రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు నన్ను కోరిరి. దినమెల్ల పద్దుపుస్తకములతో ప్రొద్దుపుచ్చు నాబోటివానికి రచనాశక్తి యెక్కడిది? అయినను, గురుముఖమున చదువుకొను భాగ్యము లేక, ఈ గ్రంథాలయపు బల్లమీదనే కూర్చుండి నిఘంటువును ప్రక్కన పెట్టుకొని భారతభాగవతములను కూడబలుకుకొన్నవాడను. ఆ ఋణమున వడ్డీయైన చెల్లించుటకు ఇది తరుణమని సమ్మతించితిని.

మన నాయకుల చరిత్రములు, మన కవుల చరిత్రములు ఈ సంచికలో మిత్రులు వ్రాయుచునే యున్నారు. నేను దూరదేశపు నటు నొకనిగూర్చి వ్రాయ నెంచితిని. దానికి కారణము కలదు. కొంతకాలము క్రిందట మా అమ్మాయి తన చేతిఫోనులో ఒక చీనా నాటకచిత్రమును నాకు చూపెను. అది 1955లో తీసినది. మొదటి పావుగంట నాకేమియు బోధపడలేదు. కంచుపలకల మ్రోత చెవులు పగులగొట్టుచుండెను. పాట సన్నని గొంతుతో ఎంతకును తెగక సాగుచుండెను. రంగమున కొండ లేదు, కోట లేదు, చెట్టైన లేదు. ఒక రాణి మధుపానము చేసి, తన ఒంటరితనమును మరచుటకై నవ్వుచు, నవ్వలేక తూలుచు, నేలమీదికి వంగి కనబడని పూవును వాసన చూచుచుండెను. ఆ వంగుటలోని సుకుమారత్వమును చూచి నేను తల త్రిప్పుకొనలేకపోతిని. ఆ వేషము కట్టినది అరువదేండ్ల పురుషుడని మా అమ్మాయి చెప్పినప్పుడు నాకు కలిగిన విస్మయము ఇంతింత గాదు. అతడే మే లాన్‌ఫాంగ్. తరువాత అతని చరిత్రమును వెదకి చదివితిని. చదివినకొలది అతని అభినయముకంటె అతని నడవడి గొప్పదిగా తోచెను.

నాటకము చూచు విధము

చరిత్రములోనికి పోకముందు, ఈ నాటకమును ఎన్నడును చూడనివారికి రెండుమాటలు చెప్పుట అవసరము. కీలెరుగనివానికి తాళము తెరువదు గదా.

చీనా దేశమున ప్రాంతమునకొక నాటకరీతి కలదు. వానిలో ప్రసిద్ధమైనది పెకింగ్ నాటకము. పెకింగ్‌నే నేడు బీజింగ్ అనుచున్నారు. 1790లో చియెన్‌లుంగ్ చక్రవర్తి యెనుబదవ జన్మదినోత్సవమునకై అన్‌హ్వేయ్ ప్రాంతపు నాటకసమాజములు రాజధానికి వచ్చి అచ్చటనే నిలిచిపోయెను. వారి బాణీలతో ఇతర ప్రాంతముల బాణీలు కలిసి, తరువాతి శతాబ్దమున ఈ నాటకము రూపు దాల్చెను. ఇందు నటుడు నాలుగు విద్యలు నేర్వవలెను: పాట, పలుకు, అభినయము, సాము. ఒకటి కొరవడినను వాడు పూర్తి నటుడు గాడు.

పాత్రలు నాలుగు జాతులు. పురుషపాత్రలను షెంగ్ అనియు, స్త్రీపాత్రలను దాన్ అనియు, ముఖమునకు రంగులు పూసికొను వీరరౌద్రపాత్రలను జింగ్ అనియు, హాస్యగాండ్రను చౌ అనియు అందురు. ముఖమున ఎరుపు అధికముగా నున్నచో వాడు స్వామిభక్తిగల వీరుడు; తెలుపు పూసినచో కపటి; నలుపు పూసినచో ముక్కుసూటి మనిషి. పాత్ర నోరు విప్పకముందే ప్రేక్షకుడు వాని గుణమును గ్రహించును.

రంగమున సాధారణముగా ఒక బల్ల, రెండు కుర్చీలు మాత్రమే యుండును. ఆ బల్లయే ఒకప్పుడు న్యాయస్థానము, ఒకప్పుడు కొండశిఖరము. కుచ్చులు కట్టిన కొరడా చేత పట్టినచో నటుడు గుఱ్ఱమెక్కినాడని యర్థము. తెడ్డు పట్టినచో పడవలో నున్నాడు. చక్రములు చిత్రించిన రెండు జెండాల నడుమ నడచినచో బండిలో పోవుచున్నాడు. నలుగురు భటులు వచ్చినచో సేనయంతయు వచ్చినట్లే. రంగమును ఒక్క చుట్టు చుట్టినచో నూరుకోసుల ప్రయాణము ముగిసినట్లే. ఇద్దరు మనుష్యులు చెరియొక కొన పట్టిన తెరవెనుకనుండి సత్యభామ ప్రవేశించుటను చూచిన మనకు ఇది వింతగా తోచనక్కరలేదు. లేనిదానిని ఉన్నట్లు చూపు భారము నటునిది. చూచు భారము ప్రేక్షకునిది. ఇరువురును తమతమ భాగములను చెల్లించినప్పుడే నాటకము నిలుచును.

ఇక స్త్రీపాత్రకు ముఖ్యమైన ఆయుధము చొక్కాచేతుల కొనలనుండి వ్రేలాడు పొడవైన తెల్లని పట్టుగుడ్డ. దానిని నీటిచేతులందురు. సిగ్గుపడినను, కోపించినను, కన్నీరు తుడిచికొన్నను ఆ గుడ్డ అలవలె లేచి పడుచుండును. పాటకు ప్రాణము జింగ్‌హూ అను చిన్న వెదురు వాద్యము. రెండు తీగలు, ఒక కమాను. పూర్వపు రసికులు నాటకమునకు పోయి కన్నులు మూసికొని వినుచుండెడివారట. నాటకము చూచితిమనక నాటకము వింటిమనుటయే వారి వాడుక.

వంశము, బాల్యము

మే లాన్‌ఫాంగ్ 1894 అక్టోబరు 22వ తేదీన బీజింగ్ నగరమున నటుల వంశమున జన్మించెను. అతని తాత మే చియావ్‌లింగ్ స్త్రీపాత్రలకు పేరెన్నికగన్నవాడు, ఒక పెద్ద నాటకసమాజమునకు అధిపతి. అతనిగూర్చి చెప్పుకొను కథ యొకటి నాబోటి పద్దులవాడు మరువదగినది కాదు. ఒక విద్వాంసుడైన మిత్రుడు అతనివద్ద పెద్దమొత్తము అప్పు తీసికొని, తీర్చకయే మరణించెను. అంత్యక్రియలనాడు అప్పుపత్రము చేతబట్టుకొని చియావ్‌లింగ్ రాగా, బాకీ అడుగుటకు వచ్చినాడని కుటుంబమువారు గడగడలాడిరి. అతడు శవమునకు నమస్కరించి, అందరు చూచుచుండగా ఆ పత్రమును దీపమున కాల్చి, ఖర్చులకని మరికొంత ధనము చేతిలో పెట్టి వెడలిపోయెను. పద్దును కొట్టివేయుటయు ఒక విద్యయే. మనుమడు తాతవద్ద ఆస్తిని పొందలేదు గాని ఈ గుణమును పొందెను.

లాన్‌ఫాంగ్‌కు మూడేండ్లు నిండునప్పటికే తండ్రి అకాలమరణము నొందెను. పెదతండ్రి యాదరముతోనే ఆ కుటుంబము నిలిచెను. అతని పెదతండ్రి మే యూథియెన్ జింగ్‌హూ వాయించుటలో ఆ కాలమున మేటి. ఆ వాద్యము సంపాదించిన దానితోనే ఇల్లు గడిచెను. 1900లో రాజధానిలో అల్లకల్లోలము చెలరేగినప్పుడు సొంతయిల్లు అమ్ముకొని అద్దెయింటికి మారవలసివచ్చెను.

ఎనిమిదవ యేట బాలునకు నాటకవిద్య నేర్పుటకు ఒక గురువు వచ్చెను. నాలుగు పంక్తుల పాటను ఎన్నిసార్లు చెప్పినను బాలునకు పట్టుబడలేదు. కన్నులు కొంచెము వాలినవి, చూపు మందము, మాట తక్కువ. ఈ పిల్లవానికి ఈ విద్య అబ్బదని చెప్పి గురువు విడిచిపోయెను. చాలకాలమునకు, శిష్యుని కీర్తి దేశమంతట వ్యాపించిన పిదప, ఆ గురువు ఎదురుపడి తన పొరపాటునకు సిగ్గుపడగా, నాటి మందలింపే తనను కష్టపడునట్లు చేసినదని లాన్‌ఫాంగ్ వినయముతో బదులు చెప్పెను. ఇందు వెక్కిరింత లేదు. అతని స్వభావమే యట్టిది.

వూ లింగ్‌షియెన్ అను రెండవ గురువు ఓర్పుగలవాడు. బల్లమీద ఒక రాగినాణెముల దొంతి పెట్టి, ఒక పాటను పాడినప్పుడెల్ల ఒక నాణెమును ప్రక్కకు జరిపి, దొంతి తరుగువరకు ఆ పాటనే పాడించెడివాడు. పొడవైన బల్లమీద ఇటుక నిలిపి, ఆ యిటుకమీద కొయ్యకాళ్లు కట్టుకొని ఒక అగరువత్తి కాలునంతసేపు నిలువవలెను. శీతకాలమున మంచుగడ్డ కట్టిన నేలమీద ఆ కొయ్యకాళ్లతోనే పరుగెత్తవలెను. పాదములు పుండ్లు పడెను. అరువదేండ్లు వచ్చినను తన నడుము, కాళ్లు బిగువు తప్పకుండుటకు ఆ చిన్ననాటి శిక్షయే కారణమని అతడు ముదిమిలో కృతజ్ఞతతో తలచుకొనెను.

మందమైన కన్నులను బాగుచేసినవి పావురములు. అతడు సరదాకు కొన్ని పావురములను పెంచెను. ప్రతి ఉదయము వానిని ఎగురవేసి, ఆకాశమున ఎంత దూరము పోయినను తనవేవో పరులవేవో గుర్తించుటకై తదేకదృష్టితో చూచుచుండెడివాడు. పొడవైన వెదురుగడను త్రిప్పుచు వానిని అదలించెడివాడు. కొన్ని యేండ్లకు కన్నులకు చురుకుదనము, భుజములకు బలము రెండును వచ్చెను. రంగమున ప్రేక్షకులను కట్టివేసిన ఆ చూపు పావురములు పెట్టిన భిక్ష.

1904లో, పదియేండ్లైన నిండకముందే, అతడు మొదటిసారి రంగమెక్కెను. ఆ నాడు వేసిన వేషము నేతకన్యది. ఆ కథ చీనా పిల్లలందరకు ఉగ్గుపాలతో వచ్చును. దివ్యలోకమున మేఘములను నేయు కన్య భూలోకపు గోపాలుని వరించెను. దేవతలు కోపించి ఇరువురి నడుమ ఆకాశగంగను ప్రవహింపజేసిరి. ఏడవ మాసము ఏడవ నాటి రాత్రి మాత్రము పక్షులు రెక్కలు చేర్చి వంతెన కట్టగా, ఏడాదికొక్కసారి వారు కలిసికొందురు. కుర్చీపై కెక్కించి నిలుపగా ఆ బాలుడు పాడెను.

తరువాత ఒక సమాజములో చేరి నటించుచు విద్య నేర్చుకొనెను. మొదటిసారి వచ్చిన కొద్దిపాటి నాణెములను తెచ్చి తల్లిచేతిలో పెట్టెను. తల్లియు కొడుకును ఇరువురును మాటలాడలేకపోయిరి. మరుసటి సంవత్సరము, 1908లో, ఆమె కన్నుమూసెను. సంపాదన పెరిగిన దినములలో దానిని అందుకొను చేయి లేకపోయెను.

కీర్తి

1913లో అతడు మొదటిసారి షాంఘై నగరమునకు పోయి పాడెను. ఆ నగరము అతనిని నెత్తిన పెట్టుకొనెను. తిరిగివచ్చినప్పటినుండి పాతనాటకములనే పాడుటతో తృప్తిపడక, క్రొత్తవానిని కూర్చుటకు పూనుకొనెను. ఛీ రూషాన్ అను పండితుడు ఇందు అతనికి తోడయ్యెను. ఆ స్నేహమునకు మూలము ఒక లేఖ. లాన్‌ఫాంగ్ నాటకమును చూచిన ఆ పండితుడు, భర్త యెదురుగా నిలిచి తన కథను పాడుచున్నప్పుడు నాయిక నిశ్చలముగా కూర్చుండుట సరికాదని తప్పెత్తి వ్రాసెను. మరియొకడైనచో ఆ లేఖను చించివేయును. లాన్‌ఫాంగ్ తరువాతి ప్రదర్శనమున ఆ సూచనలను పాటించి చూపెను.

ఇరువురి కృషివలన పురాణగాథలు క్రొత్తరూపున రంగమెక్కెను. 1915లో చాంగ్‌ఏ కథను ఆడిరి. ఆమె విలుకాడైన హౌ యీ భార్య. భర్త తెచ్చిన అమృతమును తానే త్రాగి, తేలికపడి, చంద్రలోకమునకు ఎగిరిపోయి అచ్చట ఒంటరిగా మిగిలెను. ఈ నాటకమునకై వారు పాత చిత్రపటములను పరిశీలించి, ప్రాచీనస్త్రీల వేషమును, సిగచుట్టును పునరుద్ధరించిరి.

1917లో ఆడిన దివ్యకన్య పుష్పవృష్టి కథ మన దేశమునకు సంబంధించినది. విమలకీర్తి నిర్దేశమను బౌద్ధగ్రంథమునుండి గ్రహించినది. మన వైశాలీనగరమున విమలకీర్తి యను గృహస్థు వ్యాధితో నుండగా, బుద్ధభగవానుని పంపున మంజుశ్రీ మొదలగువారు పరామర్శింప వచ్చిరి. ఒక దివ్యకన్య వారిపై పూలు చల్లెను. బోధిసత్త్వులమీద పడిన పూలు జారిపోయెను. భేదబుద్ధి యింకను వదలని శిష్యుల మేనికి మాత్రము అవి యంటుకొని రాలలేదు. లాన్‌ఫాంగ్ ఒక మిత్రుని యింట గోడమీది పటములో ఈ కన్యను చూచి ముగ్ధుడై, నీటిచేతులకు బదులుగా మిక్కిలి పొడవైన పట్టుపట్టీలతో మేఘములమీద తేలిపోవు నృత్యమును కల్పించెను. మన గంగాతీరమున పుట్టిన కథ వేయేండ్లు పర్వతములు దాటి పోయి చీనారంగమున పూలు చల్లెనని తలచినప్పుడు నా మేను పులకరించినది.

1922లో యాంగ్ షియావ్‌లౌ అను మహావీరపాత్రధారితో కలిసి ఆడిన నాటకము, రాజు తన ప్రియురాలికి వీడ్కోలు చెప్పు కథ. క్రీస్తుపూర్వము 202లో ఛూ దేశాధిపతియైన షియాంగ్ యూ శత్రుసేనల ముట్టడిలో చిక్కెను. రాత్రివేళ శత్రుశిబిరమునుండి తన దేశపు పాటలే వినబడగా, తన దేశమంతయు శత్రువశమైనదని తలచి నిరాశుడయ్యెను. అతని ప్రియురాలు యూజీ దుఃఖమును దిగమ్రింగి, అతని మనసు మరల్చుటకు ఖడ్గనృత్యము చేసి, తనవలన అతనికి అడ్డు కలుగరాదని అతని కత్తితోనే ప్రాణములు విడిచెను. ఆ నృత్యమునకై లాన్‌ఫాంగ్ నిజమైన కత్తిసామును గురువువద్ద నేర్చెను. చూచువారు చప్పట్లు కొట్టుచు నృత్యమును మెచ్చుకొనుచుండగా, వెనుకకు తిరిగినంతసేపు కన్నులు తుడిచికొని, రాజువైపు తిరిగినప్పుడు నవ్వు తెచ్చికొను ఆ స్త్రీ హృదయమే ఆ నాటకమునకు జీవము.

1924లో మన రవీంద్రనాథ ఠాకూరుగారు చీనా దేశమునకు పోయినప్పుడు, లాన్‌ఫాంగ్ వారి కోరికపై మే నెల 19వ తేదీన లో నదీదేవత నాటకమును ఆడిచూపెను. ఠాకూరుగారు ఆనందించి, విసనకఱ్ఱపై ఒక పద్యము వ్రాసియిచ్చుటయే గాక, ఆ నాటకపు రంగాలంకరణ సామాన్యముగా నున్నదని నిర్మొగమాటముగా చెప్పిరి. లాన్‌ఫాంగ్ ఆ మాటను మన్నించి అలంకరణను మార్చెను. ఆ విసనకఱ్ఱను జీవితాంతము దాచుకొనెను.

అతడు రంగముమీద ఎంత ఘనుడో రంగము వెలుపల అంత విద్యార్థి. ఛీ బైషీ అను మహాచిత్రకారునివద్ద 1920 మొదలు చిత్రలేఖనము నేర్చెను. ధనికుల విందొకదానిలో, ముతకబట్టలతో మూలనున్న ఆ వృద్ధుని ఎవరును పలుకరింపకుండగా, అందరి చూపును తనమీదనే యున్న లాన్‌ఫాంగ్ నేరుగా పోయి గురువుగారికి నమస్కరించెనట. ఇంట వివిధవర్ణముల పూలతీగలను పెంచి, ఏ రంగుప్రక్క ఏ రంగు నప్పునో వానినుండి నేర్చి వేషములకు వాడుకొనెను.

విదేశయాత్రలు

అతడు 1919లో జపానులో ప్రదర్శనము లిచ్చెను. 1923లో ఆ దేశమున మహాభూకంపము వచ్చినప్పుడు బీజింగ్‌లో నాటకములాడి, వచ్చిన ధనమును బాధితులకు పంపెను. మరుసటి యేట మరల పోయి ఆడెను. ఈ సంగతిని చదువరులు జ్ఞప్తియందుంచుకొనవలెను. దీని అవసరము ముందు వచ్చును.

1930లో అమెరికా ప్రయాణము. మిత్రులు ధనము కూర్చుటకు నానాయాతన పడిరి. ఇంతలో 1929 అక్టోబరున అమెరికాలో వాటాలబజారు కుప్పకూలి, ఆర్థికమాంద్యము మొదలయ్యెను. నాటకములు చూచువారెవరని కొందరు వెనుకకు లాగిరి. అతడు తెగించి పోయెను. న్యూయార్కులో రెండు వారములకని మొదలిడిన ప్రదర్శనములు ఐదు వారములు సాగెను. భాష తెలియనివారు, వాద్యమెరుగనివారు, ఉత్త రంగముమీద అతడు తలుపు తీయుటను చూచి అచ్చట తలుపున్నదని నమ్మిరి. పొమోనా కళాశాల, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము అతనికి గౌరవ డాక్టరు పట్టములిచ్చెను. చీనా సమాజమున నటుని ఎంతో తక్కువగా చూచిన కాలము చాలదూరము పోలేదు; అందుచేత ఆ పట్టము ఒక్కనిది గాక జాతినటులందరిది.

1935లో రష్యాకు పోయినప్పుడు స్టానిస్లావ్‌స్కీ, మేయర్‌హోల్డ్, ఐసెన్‌స్టీన్ వంటి మహాకళావేత్తలు అతనిని సన్మానించిరి. జర్మనీ నాటకకర్త బ్రెహ్ట్ ఆ నటనను చూచి, నటుడు పాత్రలో మునిగిపోక పాత్రను చూపుచున్న ఆ రీతిపై ఒక వ్యాసమే వ్రాసెను.

పరీక్ష

1931లో జపాను సైన్యము చీనా ఈశాన్యభాగమును ఆక్రమించెను. లాన్‌ఫాంగ్ కుటుంబముతో షాంఘైకి తరలెను. అచ్చట అతడు పూర్వపు దండయాత్రల కాలపు వీరనారుల కథలను ఎన్నుకొని ఆడెను. భర్త యుద్ధము చేయుచుండగా స్వయముగా రణభేరి మ్రోగించిన ల్యాంగ్ హుంగ్‌యూ కథ వానిలో నొకటి.

1937లో యుద్ధము విస్తరించి షాంఘై పడిపోయెను. 1938లో అతడు హాంకాంగ్ చేరి, అచ్చట కొన్ని నాటకములు ఆడిన పిదప రంగమునుండి తప్పుకొనెను. 1941 డిసెంబరులో హాంకాంగ్ కూడ జపానువారి వశమయ్యెను. గెలిచిన సైన్యాధికారులకు, ఆ మహానటుడు తమ ఎదుట పాడినచో దేశము తమకు లొంగినట్లు లోకమునకు చాటవచ్చునను ఆశ యుండెను. లాన్‌ఫాంగ్ కత్తి పట్టలేదు, ఉపన్యాసము చేయలేదు. గడ్డము గీచుకొనుట మాని మీసము పెంచెను. చాలయేండ్లుగా ప్రతిదినము నున్నగా గీచుకొని, కోమలాంగుల ముఖమును ధరించినవానికి మీసమనగా ఏమి? వ్యాపారి దుకాణమునకు తానే తాళము వేసికొనుటయే. తనకు వయసు మళ్లినదనియు, గొంతు చెడినదనియు, ఇక స్త్రీవేషమునకు పనికిరాననియు వచ్చినవారికెల్ల చెప్పెను.

1942లో షాంఘైకి తిరిగివచ్చిన తరువాతను వారు విడువలేదు. ఒక యుత్సవమున పాడితీరవలెనని పట్టుబట్టినప్పుడు, అతడు ఒక వైద్యమిత్రునిచేత వరుసగా టైఫాయిడు టీకాలు పొడిపించుకొనెను. ఆ మందు అతని ఒంటికి పడదని అతనికి తెలియును. సైనికవైద్యుడు వచ్చి చూచునప్పటికి ఒళ్లు నిప్పువలె కాలుచుండెను. వైద్యుడు తిరిగిపోయెను. అతనికి మిక్కిలి ఇష్టమైన నాటకములలో, తండ్రి తనను దుష్టచక్రవర్తికి అర్పించబోగా పిచ్చిపట్టినట్లు నటించి తప్పించుకొను కన్య కథ యొకటి కలదు. రంగమున ఆ కన్యయై పిచ్చిని నటించినవాడు జీవితమున నటనతో సరిపెట్టక నిజమైన జ్వరమునే తెచ్చికొనెను.

నాబోటివాడు ఇచ్చట లెక్క చూడక మానడు. రాబడి శూన్యము. భార్య, పిల్లలు, తనను నమ్ముకొని బ్రతుకు సమాజమువారు వ్యయపుటలో నుండిరి. బీజింగ్‌లోని యిల్లు అమ్మెను. వస్తువులు అమ్మెను. నాటకశాలవారు పెద్దమొత్తములు చూపినను చేయి చాపలేదు. రాత్రులందు దీపము ముందు కూర్చుండి, సరదాకు నేర్చిన చిత్రలేఖనమునే వృత్తిగా చేసికొని పూలను, పక్షులను వ్రాసి అమ్మెను. కిటికీలు మూసికొని, గొంతు ఎవరికిని వినబడకుండ మెల్లగా పాటలను మననము చేసికొనెను. హాంకాంగ్‌లో ఉండగా ఒకనాడు ఇంటిముందరి పూలను వంగి వాసన చూచినప్పుడు, ఆ వంగుట తన పాతనాటకములోని ఒక భంగిమవలె నున్నదని ప్రక్కవారు చెప్పిరి. అంతవరకు ఆ భంగిమకు అర్థము లేకుండెను. నాటినుండి అతడు ఆ రాణి వంగినప్పుడెల్ల అచ్చట పూలున్నట్లు భావించి నటించెను. నేను ఫోనులో చూచి నిలిచిపోయిన పూవు అదియే. రంగము లేని దినములలో దొరికిన పూవు!

నాటకుడు పాడినంతమాత్రమున దేశమునకు వచ్చు నష్టమేమని కొందరు అడుగవచ్చును. పొట్టకూటికై పాడిన చిన్ననటులను అతడు నిందింపలేదు, మనమును నిందింపరాదు. కాని పేరు పెద్దదైనకొలది దాని సంతకమునకు విలువ యెక్కువ. ఆ సంతకమును అతడు దొంగపత్రముమీద పెట్టలేదు. అట్లని జపాను ప్రజలను ద్వేషించినవాడు కాడు. భూకంపబాధితులకు ధనము పంపినవాడును ఇతడే. యుద్ధానంతరము 1956లో మరల జపానుకు పోయి స్నేహముతో నాటకము లాడినవాడును ఇతడే. మనుష్యులకు చేయి చాచెను; ఆక్రమణకు చాపలేదు.

చివరి దినములు

1945 ఆగస్టులో జపాను ఓడిపోయిన వార్త విని అతడు మీసము గీచివేసెను. ఏబదియొక్క యేండ్ల వయసున మరల రంగమెక్కెను. మూతబడిన గొంతు పూర్వపు శ్రుతికి చేరలేదు. సిగ్గుపడక, ముందుగా తక్కువ శ్రుతిలో సాగు కున్ నాటకములను పాడి, క్రమముగా గొంతు కుదుర్చుకొనెను. 1948లో అతడు నటించిన నాటకము చీనా దేశపు మొదటి రంగుల చలనచిత్రముగా వచ్చెను.

1949లో క్రొత్తప్రభుత్వము వచ్చెను. పాతనాటకములను సంస్కరింపవలెనను ఊపు బలముగా నుండెను. ఆ సంవత్సరము ఒక పత్రికవారితో మాటలాడుచు, అడుగు ముందుకు వేయవచ్చును గాని రూపము మారరాదని అతడు తన యభిప్రాయమును తెలిపెను. దానిపై విమర్శ చెలరేగగా ఆ మాటను సవరించుకొనవలసివచ్చెను. పరదేశసైన్యమునకు లొంగని వాడు ఇచ్చట తగ్గెనేమని నేను చాల యోచించితిని. నాకు తోచినది యిది: మాటను సవరించుకొన్నను రంగముమీద అతని అడుగు సవరింపబడలేదు. 1951లో చీనా నాటక పరిశోధనసంస్థకు అధ్యక్షుడై, తన అనుభవములను గ్రంథస్థము చేయించి, శిష్యులను తీర్చెను.

1959లో, అరువదియైదవ యేట, అతడు తన కడపటి క్రొత్తనాటకమును ఆడెను. అందు మూ గ్వేయింగ్ అను వీరవనిత, చాలయేండ్లు యుద్ధమునకు దూరముగా నుండి, దేశమునకు ఆపద రాగా మరల సేనాధిపత్యము వహించును. వయసు మీరిన పిదప కవచము తొడుగు ఆ పాత్రకు అతనికంటె తగినవా రెవరు?

1961 ఆగస్టు 8వ తేదీన హృద్రోగముచే అతడు బీజింగ్‌లో మరణించెను. నగరపు పడమటి కొండలలో సమాధి చేసిరి. ఐదేండ్లకే, 1966లో, సాంస్కృతికవిప్లవమను పేర చెలరేగిన గాలిలో ప్రాచీన నాటకములన్నియు రంగమునుండి తొలగింపబడెను. రాజులు, రాణులు, దేవకన్యలు పదియేండ్లు మూగపోయిరి. ఆ గాలి అణగిన పిదప అతని చిన్నకుమారుడు మే బావ్‌జ్యూ తండ్రి పాత్రలను మరల ధరించి, 2016లో తాను మరణించువరకు శిష్యులకు నేర్పెను. 2010లో యునెస్కో పెకింగ్ నాటకమును మానవజాతి వారసత్వముగా గుర్తించెను.

చదువరులారా! ఈ చరిత్రమును నేను ఈ సంచికకు ఎందులకు ఎన్నుకొంటినో ఇప్పుడు మీకు తెలిసియుండును. మన బాల్యమున తెల్లవార్లు వీధిలో చాపలు పరచుకొని భాగవతులను చూచితిమి. ఇప్పుడు ఆ రంగములు అరుదైనవి. పదియేండ్లు మూగపోయిన విద్య మరల పలికెనన్నచో, దానిని ఎవరో కిటికీలు మూసికొని మెల్లగానైనను మననము చేయుచుండుటవలననే గదా. మన గ్రంథాలయమును అట్టి మూసిన కిటికీయిల్లే. ఎవరును చదువని యేండ్లలో సైతము ఇచ్చటి బీరువాలలో పుస్తకములు మెల్లగా పాడుకొనుచునే యుండును. వానిని తెరచి వినువారు మన పిల్లలలో ఒక్కరున్నను ఈ ఇరువదియైదేండ్ల పద్దు లాభముతోనే ముగిసినట్లు నేను వ్రాసికొందును.